కొనుక్కొచ్చుకున్న చెత్త

పోయిన ఏడాది ఒక గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి, పెరుగన్నం కలుపుకుంటూ మా అమ్మాయి నింపాదిగా చెప్పింది: "అమ్మా, రేపు స్కూల్లో బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్ కాంపిటీషన్." ఆరో తరగతి. వారం కిందటే చెప్పారట. డైరీలో కూడా రాసుకుందట.

ఆ తరవాత మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లోనూ ఏదో ఒక రాత్రి జరిగే ఉంటుంది. మా ఆయన బండి తీశాడు. షట్టరు సగం దించేసిన ఫ్యాన్సీ షాపతన్ని బతిమాలుకుని గ్లిటర్ షీట్లు, ఫోము షీటు, గమ్ గన్నులో పెట్టే పుల్లలు, ముత్యాల దండ, ఐస్‌క్రీం పుల్లల ప్యాకెట్టు తెచ్చాడు. బిల్లు 345 రూపాయలు. ఐస్‌క్రీం పుల్లలు కూడా సీలు విప్పని కొత్త ప్యాకెట్టే. పోటీకి వాడేసిన ప్లాస్టిక్ సీసా ఒకటి తప్పనిసరి అని డైరీలో ఉంది. మా ఇంట్లో లేదు. అందుకని అదీ కొన్నాం, లీటరున్నర కూల్ డ్రింకుతో సహా. సీసా ఖాళీ అవ్వాలి కదా. పదింటికి ముగ్గురం వరసగా సోఫాలో కూర్చుని గ్లాసు మీద గ్లాసు తాగాం. మా ఆయన త్రేన్చి, "చెత్త కోసం ఇంత కష్టపడ్డ వంశం ఇంకోటి ఉండదు" అన్నాడు.

పిల్ల పదిన్నరకే నిద్రపోయింది. పన్నెండున్నర దాకా కూర్చుని, సీసాకి పాత న్యూస్ పేపరు చుట్టి పూలకుండీ చేసింది నేను. మర్నాడు దానికి రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి వచ్చిన దాన్ని చూశాను, వాళ్ళ అమ్మ నాకన్నా బాగా చేసింది.

అది పూలకుండీయే గానీ అందులో నీళ్ళు పోయకూడదు, కారుతుంది. కాబట్టి ప్లాస్టిక్ పూలు పెట్టాం. మూడు నెలలు చెప్పుల స్టాండు మీద దుమ్ము పట్టించుకుని కూర్చుంది. చివరికి పాత పేపర్లవాడు వచ్చినప్పుడు దాన్ని కూడా ఇవ్వబోతే అతను చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. "ఉత్త సీసా అయితే తీసుకునేవాణ్ణమ్మా. దీనికి గమ్మూ, మెరుపులూ అంటించేశారు, ఎవరూ కొనరు" అన్నాడు.

ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. ఒట్టి సీసాకి ఒక దారి ఉంది. ఒట్టి న్యూస్ పేపరుకీ ఒక దారి ఉంది, కిలోల లెక్కన వెళ్ళి మళ్ళీ అట్ట అవుతుంది. ఆ రెంటినీ కలిపి, మధ్యలో ప్లాస్టిక్ జిగురు కరిగించి పోసి, పైన ప్లాస్టిక్ మెరుపు చల్లి, ఎటూ కాకుండా చేసింది నేను. చెత్తని కళగా మార్చానని సర్టిఫికెట్ ఇచ్చారు. నిజానికి పనికొచ్చే వాటిని తీసుకుని అసలైన చెత్త చేశాను. అలంకరణకి వాడే థర్మకోల్‌ని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. గ్లిటర్ షీటుని ఎవరూ నిషేధించలేదు. అదీ ఆ జాతి వస్తువే, కాకపోతే కాగితంలా నటిస్తుంది.

చేతిపనులంటే నాకు పడదనుకోకండి. ఇష్టం కాబట్టే ఈ గొడవ. ఫోనులో చూసే క్రాఫ్ట్ వీడియోలు, బళ్ళో పెట్టే పోటీలు, రెండూ పనిని తలకిందులు చేశాయని నా ఫిర్యాదు. ముందు ఒక బొమ్మ చూస్తాం, తరవాత దానికి కావలసినవి కొంటాం, చేసి ఫొటో తీస్తాం, ఆ తరవాత దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతాం. మా అమ్మమ్మ ఇంట్లో వరస వేరే. ముందు ఒక చీర చిరిగేది. దాంతో ఏం చెయ్యొచ్చన్నది ఆ తరవాతి సంగతి.

అమ్మమ్మది బాపట్ల దగ్గర పల్లె. కట్టేవన్నీ నేత చీరలు, ఎక్కువగా చీరాలవి. ఆవిడ చీరకి రిటైర్మెంటు ఉండేది కాదు. రోజూ కట్టేది కాస్తా పలచబడితే ఇంట్లో కట్టుకునేది. పిర్ర దగ్గర చిరిగితే మధ్యకి రెండు ముక్కలు చేసి, చిరిగిన వైపు అంచుల్లోకి వచ్చేలా తిప్పి కుట్టి, ఇంకో ఆరు నెలలు లాగేది. అప్పటికీ పోతే ఎవరింట్లోనైనా పురుడొస్తే పొత్తిగుడ్డలకి వెళ్ళేది. చంటిపిల్లల ఒంటికి కొత్త బట్ట గుచ్చుకుంటుంది. వందసార్లు ఉతికిన నేత చీర ఒక్కటే ఆ ఒంటికి తగ్గ బట్ట. పొత్తిళ్ళలో బిడ్డ అంటాం చూడండి, ఆ పొత్తిళ్ళు ఎవరో ఒకరి పాత చీరే. మిగిలిన దాంట్లో బాగున్నది బొంతకి, బాగోనిది మసిగుడ్డకి, మసిగుడ్డగా కూడా పనికిరానిది దీపం వత్తికి. చివరికి బూడిద అయ్యేది తప్ప చెత్త అయ్యేది కాదు.

బొంత మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నాను. మన పేపర్లలో నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే 'అతుకుల బొంత ప్రభుత్వం' అని రాస్తారు. ఇవాళో రేపో కూలిపోతుందని అర్థం. రాసినవాడు ఎప్పుడూ బొంత కుట్టలేదని నాకు ఖాయంగా తెలుసు. ఇంట్లో అన్ని బట్టల్లోకీ గట్టిది బొంత. ఒక్కొక్కటీ చిరిగిపోయే దశలో ఉన్న ఆరు పొరల్ని అంగుళానికి ఒక వరస చొప్పున కలిపి కుడితే, చిరగడానికి దేనికీ సందు దొరకదు. ఒకచోట చిరిగినా చిరుగు పక్క కుట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. అమ్మమ్మ కుట్టిన బొంత మా అమ్మ పెళ్ళికి ముందుది, ఇప్పటికీ మా తమ్ముడి ఇంట్లో ఉంది. మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు పోయాయో మీరే లెక్క వేసుకోండి.

పాత నూలుబట్ట ఉన్న చోటల్లా ఈ పని ఉంది. బెంగాలీలకి కాంథా, మరాఠీవాళ్ళకి గోధడి, కన్నడిగులకి కౌది. మన తండాల్లో లంబాడీ ఆడవాళ్ళు ముక్కలు అతికి, పైన అద్దాలూ గవ్వలూ కుట్టి సంచులు, గుడ్డలు చేసుకున్నారు. జపానులో పేద రైతుల ఇళ్ళలో అతుకు మీద అతుకు వేసిన బట్టలని బోరో అంటారు, ఇప్పుడవి మ్యూజియంలలో ఉన్నాయి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక మూల పల్లె ఉంది. ఒకప్పటి బానిసల సంతతి అక్కడివాళ్ళు. ఆ ఇళ్ళలోని నల్లజాతి ఆడవాళ్ళు చలికి తట్టుకోడానికి మగవాళ్ళ పాత పని ప్యాంట్లు కోసి కుట్టుకున్న బొంతలని 2002లో హ్యూస్టన్‌లో, తరవాత న్యూయార్క్‌లో మ్యూజియం గోడలకి వేలాడదీశారు. 2006లో వాటి మీద తపాలా బిళ్ళలు వేశారు. వాళ్ళకి గౌరవం దక్కిందని సంతోషమే. కానీ గోడకెక్కిన బొంతని చూస్తే నాకు కొంచెం దిగులు కూడా. బొంత కప్పుకోడానికి.

సరే, నేను కుట్టిన సంగతి చెబుతాను. పూలకుండీ సిగ్గు ఇంకా పచ్చిగా ఉండగా, సంక్రాంతి సెలవల్లో మొదలుపెట్టాను. మా అత్తగారి పెట్టెలోంచి రెండు నేత చీరలు దొరికాయి. ఒకటి గట్టిదే, రంగు వెలిసింది. రెండోది మధ్యలో జల్లెడ. లెక్క తేలిక: ఐదున్నర మీటర్ల చీరని పొడవు వైపు మూడు మడతలు వేస్తే ఇంచుమించు ఆరడుగులు వస్తుంది. వెడల్పు మూడున్నర అడుగుల పైచిలుకు. అంటే ఒక చీరకి మూడు పొరలు, రెండు చీరలకి ఆరు పొరలు, ఒక మనిషికి సరిపడా బొంత. చిరిగినది లోపలికి, గట్టిది పైనా కిందా వచ్చేలా సర్దాలి. అంచులు లోపలికి మడవాలి. కత్తిరింపు దాదాపు లేదు. కొలతలు చీరలోనే ఉన్నాయి.

నేను చేసిన తప్పు, నాలుగు అంచులూ కుట్టేసి అక్కణ్ణించి లోపలికి వరసలు వేసుకుంటూ రావడం. చూడ్డానికి బాగానే ఉంది. రోజుకి రెండు వరసలు, టీవీ చూస్తూ. పదో రోజుకి మధ్యలో బట్టంతా పోగై పూరీలా పొంగింది. ఇటు నొక్కితే అటు లేస్తుంది. లోపలి పొరలు జరిగి జరిగి ఒకచోట మూటకట్టాయి. విప్పితే పది రోజుల పని పోతుంది, విప్పకపోతే బొంత పోతుంది.

మా వాచ్‌మన్ భార్యది వనపర్తి వైపు. మెట్లు కడగడానికి వచ్చి, తలుపు తీసి ఉండటంతో లోపలికి చూసి నవ్వింది. "గట్ల గుడితే నడుమ ఉబ్బదా అమ్మా? ముందుగాల టాకాలెయ్యాలె" అంది. చీపురు గోడకి ఆనించి, చెయ్యి తుడుచుకుని కూర్చుంది. నేను వేసినవన్నీ విప్పించింది. ఆరు పొరల్నీ నేల మీద పరిచి, రెండు చేతులతో మధ్యనుంచి అంచులకి తోసి, నాలుగు మూలల్లో నాలుగు బియ్యం డబ్బాలు పెట్టించింది. తరవాత జానెడు దూరానికి ఒకటి చొప్పున నిలువుగా, అడ్డంగా, పెద్ద పెద్ద టాకాలు, రేపు పీకెయ్యడానికే వేస్తున్నట్టు వదులుగా. గళ్ళ లుంగీలా అయింది బొంత. "ఇగ ఇప్పుడు నువ్వు యాడనుంచి గుట్టినా జరగదు" అని లేచి చీపురు తీసుకుంది. పట్టుమని ముప్పావుగంట పట్టింది ఆవిడకి. నేను పది రోజులు వీడియోలు చూశాను, ఒక్కదాంట్లోనూ ఆ బియ్యం డబ్బాల సంగతి లేదు. ఉందేమో, నేనే ముందుకి జరిపేశానేమో.

కుట్టు మామూలు ముందుకుట్టే, రన్నింగ్ స్టిచ్. సూది పొడవుది ఉంటే ఒక్క లాగుకి నాలుగైదు కుట్లు ఎక్కించుకోవచ్చు. గంజి పెట్టిన చీరైతే ముందు ఒకటికి రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టాలి, లేకపోతే ఆరు పొరల్లోంచి సూది దిగదు, వేలు దిగుతుంది. కొత్త బట్టనీ పాత బట్టనీ కలపకూడదు. పాతది కుంచించుకోవాల్సినంత ఎప్పుడో కుంచించుకుంది. కొత్తది మొదటి ఉతుకుకి కుంచించుకుని బొంతంతా ముడతలు పెడుతుంది. దారం మాత్రం కొత్తది, నూలుది. ఇంతకన్నా రహస్యాలు నాకు తెలియవు.

ఇప్పుడు లెక్క. అడుగుకి పన్నెండు అంగుళాలు, మూడున్నర అడుగుల వెడల్పుకి 42 వరసలు. వరస ఆరడుగులు. మొత్తం 252 అడుగులు, అంటే దగ్గర దగ్గర 77 మీటర్ల కుట్టు. నాకు ఒక్కో వరసకి పాతిక నిమిషాలు పట్టింది. విప్పిన వాటిని వదిలేసినా పదిహేడున్నర గంటలు. గంటకి వంద రూపాయలు అనుకున్నా నా బొంత ఖరీదు 1,750. అంతకన్నా తక్కువకే మెత్తటి దుప్పటి ఆన్‌లైన్లో వస్తుంది, మర్నాటికి ఇంటికి తెచ్చిస్తారు కూడా.

కాబట్టి ఇంట్లో చేసుకుంటే డబ్బు ఆదా అని చెప్పేవాళ్ళని నేను నమ్మను. అమ్మమ్మకి ఆదా అయిందంటే ఆవిడ గంటలకి ఎవరూ ఖరీదు కట్టలేదు కాబట్టి. పగలంతా పొలం, వంట, గొడ్లు. మధ్యాహ్నం అరుగు మీద నడుం వాల్చాల్సిన వేళలో బొంత. పక్కింటి పిన్నమ్మలు ఇద్దరు కూడా చెరో పక్కనుంచి కుడుతూ కబుర్లు చెప్పుకునేవాళ్ళని మా అమ్మ ఇష్టంగా చెబుతుంది. ఆ కబుర్లు నాకూ ఇష్టమే. కానీ అమ్మమ్మకి నలభై దాటగానే చూపు తగ్గిందని, సూదిలో దారం ఎక్కించడానికి మనవలని పిలిచేదని కూడా అమ్మే చెప్పింది. కొనుక్కునే స్తోమత ఉంటే ఆవిడ బొంత కుట్టేదా? అడిగితే నవ్వేసేదనుకుంటాను. 'ఆ రోజులే వేరు' అని నిట్టూర్చే వ్యాసం ఇది కాదని ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ రోజుల్లో ఆదివారం కూడా ఉండేది కాదు ఆవిడకి.

మరి నేనెందుకు కుట్టాను? చలికి కాదు. ఖర్చు తగ్గించుకోడానికి కాదని పైన తేలిపోయింది. ఒక వస్తువు ఎలా తయారవుతుందో చేతికి తెలిస్తే, దాన్ని పారేసే చెయ్యి కొంచెం ఆగుతుంది. నాకు దొరికింది అంతే. ఇదివరకు చిరిగిన దిండు గలీబుని ఆలోచించకుండా చెత్త బుట్టలో వేసేదాన్ని. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఒక నిమిషం నిలబడతాను. పది సార్లలో ఆరు సార్లు అప్పటికీ చెత్తలోకే వెళ్తుంది, అబద్ధం ఎందుకు. మిగతా నాలుగు సార్లు ఉల్లిపాయల సంచీ అవుతుంది, సైకిల్ తుడిచే గుడ్డ అవుతుంది.

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మన బీరువాల నిండా పాత బట్టలే, బొంతకి పనికొచ్చే బట్టే లేదు. రెండో బొంత కుడదామని నా చీరలన్నీ మంచం మీద పరిచాను. పద్దెనిమిది పాత చీరలు తేలాయి. అందులో జార్జెట్టు, క్రేపు, సిల్కులా కనపడే పాలిస్టరు పోగా నూలువి మూడు. పాలిస్టరు చీర చిరగదు, వెలవదు, చెమట పీల్చదు. పొరలు పొరలుగా వేస్తే ఒకదాని మీద ఒకటి జారిపోతుంది, టాకా కూడా నిలవదు. దాంతో బొంత కుట్టి జూన్ నెలలో కప్పుకుంటే ఆవిరి కుడుములా ఉడుకుతాం. మసిగుడ్డగా పెడితే నీళ్ళని అటు నుంచి ఇటు తోస్తుంది తప్ప తుడవదు. పొయ్యి దగ్గర పెడితే అంటుకుని కరిగి చేతికి అతుక్కుంటుంది. అమ్మమ్మ చీర ఆరు జన్మలెత్తేది. నా చీరకి ఒకటే జన్మ, కాకపోతే చావు లేదు.

అందుకే 'మన ఆడవాళ్ళు బద్ధకస్తులైపోయారు, ఎవరూ ఏమీ కుట్టట్లేదు' అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెయ్యి మారకముందే బట్ట మారిపోయింది. పాత చీరతో ఇల్లంతా నింపుకునే విద్య నూలు మీద నిలబడిన విద్య. నూలు ఇంట్లోంచి వెళ్ళిపోతే, దాన్ని పట్టుకుని విద్య కూడా వెళ్ళిపోయింది. మా ఆవిడ చేతిలో ఫోనొచ్చింది కాబట్టి బొంత పోయిందనే మగవాళ్ళు ముందు మీ చొక్కా లేబులు చదవండి.

పాలిస్టరు చీరకి కూడా నేను ఒక దారి కనిపెట్టాను, గొప్పేం కాదు. రెండేసి అంగుళాల పీలికలు చించి, మూడు పీలికలని జడ అల్లి, ఆ జడని చుట్టలా చుట్టుకుంటూ పక్కపక్కన కుట్టుకుంటూ పోతే గుండ్రటి కాళ్ళ పట్టా అవుతుంది. నీళ్ళు పీల్చదు కాబట్టి బాత్రూమ్ ముందు వెయ్యకండి, జారి పడతారు. ఒకసారి పడ్డాను. గుమ్మం బయట దుమ్ము దులపడానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఒక చీరకి ఒక పట్టా, రంగులు కూడా కళ్ళు చెదిరేలా వస్తాయి.

కాగితం సంగతికి వద్దాం. గుడ్డకి జరిగింది కాగితానికి ఇంకా పూర్తిగా జరగలేదు. ఇంటికి వచ్చే న్యూస్ పేపరు ఇంకా అసలు కాగితమే.

మా నాయనమ్మ కాగితం గుజ్జుతో బుట్టలు చేసేది. పాత పేపర్లు చింపి తొట్టిలో మూడు రోజులు నానబెట్టేది, రోజూ నీళ్ళు మార్చేది. మెంతులు రాత్రి నానేసి, పొద్దున కాగితంతో పాటు రోట్లో వేసి దంచి రుబ్బేది. మెంతులు నానితే జిగురొస్తుందని దోసెలు పోసేవాళ్ళందరికీ తెలుసు. ఆ జిగురే కాగితాన్ని పట్టి ఉంచుతుంది, ఆ చేదే పురుగుని దూరంగా ఉంచుతుంది. రాగి బిందె బోర్లించి, పైన తడిగుడ్డ పరిచి, దాని మీద ఈ గుజ్జు వేలు మందాన అద్దేది. పైపైన ఎండాక బిందె నుంచి ఊడదీసి, లోపలి వైపు ఎండబెట్టేది. బుట్ట గట్టిపడ్డాక గోకి నున్నగా చేసి జాజు పూసేది. వెదురు చేటలకి, బుట్టలకి సందులు పూడ్చడానికి కూడా ఇదే గుజ్జు. పిండి జల్లించేటప్పుడు సందుల్లోంచి రాలకుండా.

కాశ్మీరులో ఇదే పని పెద్ద కళ. గుజ్జులో బియ్యపు గంజి కలిపి అచ్చు మీద అద్దేవాళ్ళు వేరు, ఆరాక పైన పూలూ తీగలూ గీసేవాళ్ళు వేరు. మా నాయనమ్మ బుట్టకి పూలూ తీగలూ లేవు. అందులో ఎండుమిరపకాయలుండేవి.

నేను మిక్సీలో చేశాను. రోలు లేదు. నానిన కాగితాన్ని గుప్పెడు గుప్పెడు వేసి, నీళ్ళు ఎక్కువ పోసి తిప్పాలి, లేకపోతే మోటారు కాలిన వాసన వస్తుంది. వచ్చింది. గుజ్జుని పాత గుడ్డలో వేసి ఎంత పిండితే అంత మంచిది. నేను సరిగ్గా పిండలేదు, పైగా జులైలో మొదలుపెట్టాను. నాలుగు రోజుల ముసురుకి బుట్ట ఆరలేదు సరికదా బూజు పట్టి, ఇల్లంతా ఆవకాయ పాడైన వాసన. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "దీనికంటే గ్లిటర్ షీటే నయం" అంది. ఏప్రిల్లో చెయ్యాల్సిన పని జులైలో చేస్తే అంతే. మళ్ళీ ఎండాకాలంలో చేశాను. మేడ మీద మూడెండలకి టకటక మోగేలా ఆరింది. ఇప్పుడు అందులో వెల్లుల్లిపాయలున్నాయి.

తినే వస్తువులు నేరుగా తగిలేలా మాత్రం వాడకండి. న్యూస్ పేపర్లలో బజ్జీలు, పకోడీలు కట్టొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే చెప్పింది, 2023లో మళ్ళీ చెప్పింది. సిరాలో ఉండే రసాయనాలు నూనెకి, వేడికి తిండిలోకి దిగుతాయి. నానబెట్టి రుబ్బితే సిరా ఎక్కడికీ పోదు, బుట్ట బూడిద రంగులో వచ్చేది అందుకే. పొట్టు ఉన్న ఉల్లి, వెల్లుల్లి, లేదా దువ్వెనలు, తాళాలు, రిమోట్లు. నేను ఎండుమిరపకాయలు పెట్టను. నాయనమ్మ పెట్టింది, ఆవిడ రోజులు.

పాత పేపరు పొట్లం కట్టే విద్య గురించి ఒక ముక్క. మా ఊళ్ళో కిరాణా కొట్టు శెట్టిగారు కాగితాన్ని చేతి మీద ఒక తిప్పు తిప్పి శంఖంలా చేసి, పావుకిలో కందిపప్పు పోసి, మూతి మూడు మడతలు మడిచి, పైనుంచి వేలాడే పురికొసని లాగి రెండు చుట్లు చుట్టి, ముడి వెయ్యకుండానే పుటుక్కున తెంపేవారు. పొట్లం ఇంటికొచ్చేదాకా ఊడేది కాదు. జిగురు లేదు, పిన్ను లేదు. ఇంటికొచ్చాక కాగితం ఒక డబ్బాలోకి, పురికొస ఒక ఉండలోకి. నేను పాతికసార్లు ప్రయత్నించాను, నా పొట్లం ఇంకా కిందనుంచి కారుతుంది.

ఇంట్లో జరిగే కాగితప్పనుల్లో ఇప్పటికీ బతికున్నది ఒకటుంది, దాన్ని మనం క్రాఫ్ట్ అనుకోం కాబట్టి లెక్కలోకి రాదు. జూన్‌లో పుస్తకాలకి అట్టలెయ్యడం. బళ్ళో ఒకే రంగు ప్లాస్టిక్ అట్టలు అమ్మి అదీ చంపేస్తున్నారు గానీ, పాత క్యాలెండరు షీటు వెనక్కి తిప్పి వేసిన అట్టంత గట్టి అట్ట లేదు. అది దళసరి కాగితం, మడత పెడితే గోటితో గీసిన చోట నిలబడుతుంది. మూలలు ముందు లోపలికి మడిచి, ఆ తరవాత అంచు మడవాలి, అప్పుడు మూల చిరగదు. ఏడాది చివర అన్ని నోటు పుస్తకాల్లోనూ మిగిలిపోయిన తెల్ల కాగితాలు చింపి, దొంతర పెట్టి, మధ్యలో దబ్బనంతో మూడు చిల్లులు పొడిచి దారంతో కుడితే రఫ్ నోటు. పెళ్ళి శుభలేఖ దానికి అట్ట. మూడు చిల్లుల కుట్టు మధ్య చిల్లులోంచి మొదలై మధ్య చిల్లు దగ్గరే ముడి పడాలి. పదేళ్ళ పిల్ల పావుగంటలో నేర్చుకుంటుంది.

అంటించడానికి మైదా లై చాలు. చెంచాడు మైదా చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద తిప్పుతూ ఉంటే పారదర్శకంగా మారుతుంది, అక్కడ దింపెయ్యాలి. పోస్టర్లు అంటించేవాళ్ళు, పుస్తకాలు బైండు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలు ఉన్న ఇంట్లో వద్దు. లై మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేసుకోండి. ఆ లైతో అంటించిన కాగితాన్ని పాత పేపర్లవాడు ఏ పేచీ లేకుండా తీసుకుంటాడు. నా పూలకుండీ దగ్గర నేర్చుకున్న పాఠం అది. ఏదైనా చేసే ముందు, ఇది పోయాక ఎక్కడికి పోతుంది అని ఒక్కసారి చూసుకోవడం.

బళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పోటీ పెట్టండి, కానీ రూలు మార్చండి. కొన్న వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. బళ్ళోనే కూర్చుని చెయ్యాలి, అమ్మలు చెయ్యకూడదు. చేసింది నెలరోజులు ఇంట్లో వాడి, అరిగిపోయిన దాన్ని తెచ్చి చూపించాలి. మాసిపోయిన మసిగుడ్డకి మొదటి బహుమతి ఇవ్వడం ఎలాగని టీచరు టెన్షన్ పడితే పడనివ్వండి. పేరెంట్స్ మీటింగులో ఈ మాట అన్నాను. అందరూ నవ్వారు. ఈ ఏడాది పోటీకి పిస్తా పెంకులు అడిగారు. కిలో పిస్తా ఎంతో చూసి ఊరుకున్నాం.

మొన్న ఆదివారం స్టీలు సామాన్లామె వచ్చింది, పాత బట్టలకి గిన్నెలిచ్చే ఆవిడ. నెత్తి మీద గంప, చంకలో మూట. ఆ పద్దెనిమిది చీరలూ మెట్ల మీద పడేశాను. ఆవిడ కూర్చుని ఒక్కొక్క దాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలిపి, కళ్ళతో చూడకుండానే రెండు కుప్పలు చేసింది. నాకు మంచం మీద గంట పట్టిన పని ఆవిడకి రెండు నిమిషాలు. పదిహేను ఒక కుప్ప, మూడు ఒక కుప్ప.

"ఈ పదిహేనిటికీ చిన్న బేసిను వస్తదమ్మా" అంది.

"మరి ఆ మూడిటికీ?"

"ఆ మూడూ కలిపితే మూత ఉన్న గిన్నె ఇస్తా. అసలు నూలు. షెడ్లల్లో మిషన్లు తుడవడానికి దీన్నే అడుగుతారు."

ఆ మూడూ ఇవ్వనన్నాను. బేరం కోసం అంటున్నాననుకుంది. గరిటె కూడా కలిపింది. అప్పటికీ కాదంటే నా మొహం వంక చూసి, "బొంతకా?" అంది.

అవునన్నాను.

ఆవిడ మూడు చీరల్నీ మళ్ళీ నలిపి చూసి, ఆకుపచ్చ దాన్ని విడిగా తీసి నా చేతిలో పెట్టింది. "ఇది పైకి రానియ్యకు, రెండు ఉతుకులకే పోతది. లోపలికెయ్" అని గంప ఎత్తుకోడానికి చెయ్యి సాయం అడిగింది.